నిలువు గీత, అడ్డం గీత

ఆ శనివారం మా ఉదయశ్రీ గుంటూరు నుంచి చీరాల వచ్చినప్పుడు సంచిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. లోపల నాలుగు అద్దం ముక్కలు. ఒక్కొక్కటి అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు.

"చెయ్యి పెట్టకమ్మా, నా ప్రాజెక్టువి."

"ఏదో పూసినట్టుందే! యాసిడ్ గానీ కాదు కదా? పీలిస్తే ఏమన్నా అవుతుందా?"

"గంజేనమ్మా. మిల్లుల్లో పడుగుకు పెట్టే రకం. పల్చగా పూసి ఆరబెట్టాం. ప్రతిదానికీ భయమేనా నీకు?"

గంజి అనగానే కాస్త కుదుటపడ్డాను. మాది మగ్గం ఇల్లు. పడుగు, అంటే బట్ట నిలువు పోగులను వీధి పొడుగునా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వడం పెళ్లయిన నాటి నుంచీ నా పనే. కానీ అది చెప్పిన తరువాతి మాటతో మళ్లీ గుండె జారింది. ఇంతకు ముందు రెండుసార్లు చేసిన అద్దాలు చారలు పడి పాడయ్యాయట. సోమవారం మూడింటిలోగా వాళ్ల గైడు కరుణాకర్ సారుకు సరిగ్గా పనిచేసేది చూపించకపోతే ఎమ్మెస్సీ ప్రాజెక్టు వచ్చే ఏడాదికి పోతుందట. ఆయన ఆ సాయంత్రమే సెలవు మీద ఊరెళ్తున్నారు.

ఆదివారం పొద్దున అది కిటికీ దగ్గర కూర్చుని, చెక్కముక్కకు వెల్వెట్ గుడ్డ చుట్టి అద్దాలు రుద్దడం మొదలుపెట్టింది.

"గీతలన్నీ ఒక్కవైపే పోవాలమ్మా. కంటికి కనపడవు. పైన పోసే ద్రవం మాత్రం ఆ గీతల వెంటే పడుకుంటుంది," అని, రెండు ముక్కలు రుద్ది తలంటు పోసుకోవడానికి వెళ్లింది.

నేను పక్కనే ఉండి చూశాను. మొదటి ముక్కను నిలువునా రుద్దింది. రెండోదాన్ని అడ్డంగా రుద్దింది! పడుగు మీద కుంచె అడ్డంగా తగిలితే పోగులు పుటుక్కున తెగుతాయి. నిద్ర చాలక పిల్ల పొరపాటు చేసిందనుకున్నాను. అడిగితే మళ్లీ భయమేనా అని కసురుతుందేమో. అందుకే ఆ రెండోదాన్ని తీసి, చెక్క పట్టుకుని, పడుగును దువ్వినట్టే నిలువునా ఇరవైసార్లు తేలిగ్గా రుద్ది, ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేశాను.

సోమవారం దానితోపాటు నేనూ రైలెక్కాను, డబ్బా ఎవరి మోచేయి తగిలి పగులుతుందోనని. మా ఆయన భావనారాయణ స్టేషన్లో నవ్వాడు. "పిల్లకు తోడు వెళ్తున్నావా, అద్దాలకా?"

"రెంటికీ," అన్నాను.

ల్యాబులో కరుణాకర్ గారు చూస్తుండగా ఉదయ ఆ రెండద్దాలనూ ఎదురెదురుగా పెట్టి, మధ్య సన్నటి సందులోకి ఒక చుక్క ద్రవం ఎక్కించింది. దాన్ని నల్ల కళ్లద్దాల్లాంటి రెండు పలకల మధ్య ఉంచి దీపం వేసింది. వెలుతురు రావాలట. రాలేదు. కటిక చీకటి. అప్పటికి ఒంటిగంట దాటింది.

"ఏదో తప్పు చేశాను సార్. నావల్ల కాదు," అంటూ ముఖం తిప్పుకుంది. దాని భుజాలు కదులుతున్నాయి.

నేను ముందుకు వచ్చాను. "అది కాదండీ, తప్పు నాది. రెండోదాన్ని నేను నిలువుగా రుద్దానండీ. పిల్లకు మార్కులు తీసెయ్యకండి."

"అమ్మా!"

"అడ్డంగా రుద్దావు కదే, తెగుతాయేమోనని..."

కరుణాకర్ గారు కోప్పడలేదు. అద్దాన్ని ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశారు. "కింద నిలువు, పైన అడ్డం ఉండాలమ్మా. ద్రవంలో అణువులు సన్నటి పుల్లల్లా ఉంటాయి. కింద నిలువుగా పడుకుని, పైకి వచ్చేకొద్దీ మెలి తిరుగుతూ అడ్డం అవుతాయి. వెలుతురు ఆ మెలిక వెంటే తిరిగి బయటికొస్తుంది. లెక్కల మిషన్లో అంకెలు కనపడేది ఈ కిటుకుతోనే. మీరు రెండూ నిలువు చేసేసరికి మెలిక పోయి, పై నల్ల పలక వెలుతురును ఆపేసింది." మళ్లీ చూసి, "కానీ ఒక్క చారన్నా లేదే! ఉదయశ్రీ, ఇంత సమంగా నువ్వు ఎప్పుడన్నా రుద్దావా?"

ఉదయ కళ్లు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది. "లేదు సార్. నేను ఒకచోట గట్టిగా నొక్కుతాను, ఒకచోట వదిలేస్తాను."

"మిగతా రెండద్దాలున్నాయి కదా. టైముంది."

ఉదయ చెక్క నా చేతిలో పెట్టింది. "రుద్దమ్మా."

"నేనా? పాడైతే ఏడాది పోతుందే!"

"నేను రుద్దినా పోయేట్టే ఉంది. రుద్దు."

మొదటిది నిలువునా రుద్దేశాను. రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. అడ్డంగా కదలనంటుంది. "నావల్ల కాదే. తెగుతాయి."

"ఏం తెగుతాయమ్మా, అక్కడ పోగుల్లేవు!"

నేను చెక్క పక్కన పెట్టేయబోవడం చూసి, అది గొంతు తగ్గించింది. అద్దాన్ని పావు వంతు తిప్పి నా ముందు పెట్టింది. "ఇదిగో. అద్దానికి అడ్డమే. నీకు మాత్రం నిలువు. నీ పడుగే అనుకో."

ఊపిరి బిగబట్టి రుద్దాను. ఇరవై అయ్యాక అదే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మళ్లీ అద్దాలు ఎదురెదురుగా పెట్టింది, చుక్క వేసింది. ఆ తడి సందులో మెల్లగా పాకుతుంటే నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. దీపం వేసింది. అద్దం మొత్తం ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. చారా లేదు, మచ్చా లేదు.

కరుణాకర్ గారు గడియారం చూసి, "రెండూ ముప్పావు," అని నోటుబుక్కులో సంతకం పెట్టారు. ఉదయ ఆ అద్దాల జతను పలకల మధ్య నుంచి పైకి తీసి, మరో చేత్తో నా మెడ కావలించుకుని గంతేసింది.

"ఎగరకే తల్లీ," అని అరిచాను, "చేతిలో అద్దముంది!"