దించే మాట

సిగ్నలాయన అరచేతిని నేలవైపు తిప్పి, వేళ్ళు విప్పి, "బావా!" అని అరిచాడు. క్రేన్ కొక్కేనికి వేలాడుతూ గాలిలో గిరగిర తిరుగుతున్న దుంగల కట్ట ఒక్క క్షణం ఆగింది. తరువాత పసిబిడ్డను చాపమీద పడుకోబెట్టినంత మెత్తగా రేవు గచ్చుమీదికి దిగింది. ఆయన కొక్కెం ఊడదీసి పిడికిలి పైకెత్తాడు. ఖాళీ కొక్కెం ఊగుతూ ఓడవైపు వెళ్ళిపోయింది.

పొట్టి మనిషి. పైకి చూసి చూసి మెడ వెనక చర్మం మడతలు పడి తోలులా గట్టిపడింది. ఎండకు కళ్ళు చిట్లించడం అలవాటై నీడలో కూడా అలాగే చూస్తాడు. ఇంట్లో ఉప్పు కావాలన్నా నోరు విప్పడు, చెయ్యి ఊపుతాడు. పెళ్ళాం అర్థం కానట్టు నటిస్తుంది.

ఆ రేవునుంచి పోయేది రాయి, వచ్చేది మాను. ఇక్కడి కొండల నిండా ఇనుపరాయి ఉంది. అవతలి దేశం నిండా అడవులున్నాయి. ఆ మాటకొస్తే వాళ్ళకూ కొండలున్నాయి, ఇక్కడా అడవులున్నాయి. పొరుగింటి పుల్లకూర రుచి. ఒప్పందం రాసుకున్న రోజున రెండు దేశాల పెద్దమనుషులూ రేవుకు వచ్చి, మధ్యలో దుబాసీని నిలబెట్టుకుని, చెలిమి అన్నారు, సోదరభావం అన్నారు. ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. ఆ మాటలు ఫొటోలకన్నా ముందే వెలిసిపోయాయి. సుంకం కట్టకుండా సముద్రం దాటి నిలిచిన మాట ఒక్కటే. అది సిగ్నలాయన నోటినుంచి పోయింది.

క్రేన్ మీద గాజుగదిలో కూర్చునేది ఆయన అక్క మొగుడు. కొత్తలో, దుంగల గుట్టల వెనక నిలబడితే చెయ్యి కనపడక, "బావా, నెమ్మదిగా దించు!" అని కేకేసేవాడు. ఇంజన్ల రొదలో నెమ్మది పోయింది, దించూ పోయింది. బావా మిగిలింది. ఓడలోవాళ్ళు ఆ కేక విన్నారు, బరువు దిగడం చూశారు. దించమనడానికి ఈ దేశంలో మాట అదేననుకున్నారు. తమ రేవుకు పోయి అక్కడా అలాగే అరిచారు. వాళ్ళ ఓడల్లో ఇప్పుడు ఏది దించాలన్నా "బావా" అనే అంటారు.

ఈ సంగతి తెలిసిన రోజున అక్క కడుపు పట్టుకుని నవ్వింది. "అయితే ఆ దేశం మొత్తం నాకు తమ్ముళ్ళేనా! ఒరేయ్, అందర్నీ ఒకేసారి భోజనానికి తీసుకురాకు. అంత గిన్నె లేదు నా దగ్గర."

అక్క పోయి చాలాకాలమైంది. జబ్బు ముదిరిందని ఇంటినుంచి కబురొచ్చేసరికి ఓడలో సరుకు సగమే దిగి ఉంది. మిగతా సగం దించాకే క్రేన్ ఆగింది. అప్పటికి అంతా అయిపోయింది. దినాలయ్యాక సిగ్నలాయన బావ ఇంటి గడప తొక్కలేదు, ఆయనతో మాట్లాడలేదు. ఆ రోజు పైన కూర్చున్నది ఒకడు, కింద నిలబడి బావా బావా అని దింపించినది ఇంకొకడు. తప్పు మాత్రం పైన కూర్చున్నవాడిదైంది.

మాటలు లేవు గాని పని ఉంది. పని ఉన్నంతకాలం ఆ పిలుపు తప్పలేదు.

పొద్దున అన్నం సర్దుతూ పెళ్ళాం అంది: "ఇవాళ అన్నయ్యకి ఆఖరి డ్యూటీ. రాత్రి బస్సుకి కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడట. ఇంక ఈ ఊరు రాడు. భోజనానికి పిలువు."

"పొద్దస్తమానం పిలుస్తూనే ఉన్నాగా."

"అది దుంగల్ని పిలవడం. మనిషిని పిలువు."

ఆయన చెయ్యి ఊపి బయటికి నడిచాడు. కాని రోజంతా ఆ మాట పంటికింద రాయిలా ఉండిపోయింది. టీ ఇచ్చే ఆవిడ కూడా వదల్లేదు.

"రేపట్నించి పైన కుర్రాడొస్తాడటగా. వాణ్ణీ బావా అనే పిలుస్తావా?"

"దించాలంటే పిలవాలిగా."

"నువ్విలా దుంగలకోసమే పిలుస్తూ ఉండు, అసలు బావ దిగి వెళ్ళిపోతాడు, చూసుకో."

ఆయన టీ పూర్తిగా తాగకుండానే గ్లాసు పెట్టేశాడు.

మధ్యాహ్నం గాలి లేచింది. కట్టలు ఊగాయి. పైనున్నాయన తొందరపడలేదు. ఊపు తగ్గేదాకా గాలిలోనే నిలిపి, పిలుపు వినపడ్డాక వదిలాడు. ఒక్క దుంగ జారలేదు. సిగ్నలాయనకు గర్వంగా అనిపించింది. తనకిష్టమైన పని, తనతో చెయ్యి కుదిరిన మనిషి. ఇంతకన్నా ఎవడికేం కావాలి? చివరి కట్ట గచ్చును తాకినప్పుడు, అవసరం లేకపోయినా, ఇంకోసారి "బావా" అన్నాడు. అది పనిలో కలిసిపోయింది.

సాయంత్రం ఓడ, రాయి నింపుకోవడానికి పక్క రేవుకు జరగబోతోంది. ఓడవాళ్ళు పక్కనున్న నిచ్చెనను తాళ్ళతో పైకి లాగుతున్నారు. ఇటు క్రేన్ గాజుగదిలోంచి బావ ఒక్కో మెట్టూ పట్టుకుని దిగాడు. మోకాళ్ళు తుడుచుకున్నాడు. ఇటు చూడకుండా గేటువైపు నడిచాడు. పైన అంత పొడుగ్గా కనిపించే మనిషి, నేలమీద వంగిపోయి ఉన్నాడు.

సిగ్నలాయన చెయ్యి ఎత్తాడు. వెనక్కి తిరగని మనిషికి చెయ్యి ఏం కనపడుతుంది? ఇంకొన్ని అడుగులైతే గేటు.

"బావా!"

గేటు దగ్గర బావ కుడిచెయ్యి దానంతటదే లేచి, అక్కడ లేని మీటను ముందుకు నెట్టింది. నెట్టాక గాని ఆయనకు తెలివి రాలేదు. ఆగి, తన చేతిని తనే చూసుకుని, వెనక్కి తిరిగాడు.

"ఏం దించాలిరా?"

"ఏమీ లేదు. ఇంటికి రా. అన్నం తిని పోదువుగాని."

"మా చెల్లెలు పంపిందా?"

"చెప్పింది. పిలిచింది నేనే."

"రాత్రి బస్సుంది."

"పొద్దున్నా ఉంది."

"కూరల్లో కారం తగ్గించమను. ఇదివరకటి కడుపు కాదు."

"నువ్వే చెప్పు. నా మాట వింటుందా?"

క్షమాపణల మాట ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ రాత్రి భోజనం జరిగేది కాదు. పక్కపక్కనే గేటు దాటారు. మెడ నొప్పి లేకుండా బావ మొహం చూడడం సిగ్నలాయనకు కొత్తగా ఉంది.

ఆ బావా కేక ఓడమీదికీ వినపడింది. నిచ్చెన లాగుతున్నవాళ్ళు ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, తాళ్ళు నెమ్మదిగా వదిలారు. నిచ్చెన జాగ్రత్తగా మళ్ళీ రేవుమీదికి దిగింది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఎవరూ లేరు. కింది మెట్టు గచ్చును ఆనుకుని, అల వచ్చినప్పుడు కొద్దిగా లేచి, మళ్ళీ ఆనుకుంటోంది.