బూడిద దిబ్బ మీది ఇంటిస్థలం

రేపల్లె దగ్గరి ఆ చిన్న పల్లెలో అందరూ నమ్మే మాట ఒకటుంది: పూర్వపు ఊరు ఒక్క రాత్రిలో తగలబడి, జనమంతా బూడిద దిబ్బ కిందే ఉండిపోయారట. సుజనకు ప్రభుత్వమిచ్చిన ఇంటిస్థలం ఆ దిబ్బమీదే వచ్చింది. ఏడాదిలోపు ఇల్లు లేవకపోతే స్థలం పోతుంది. పునాది తవ్వడానికి మేస్త్రీలెవరూ రాలేదు.

"శవాల మీద కాపురమేంటే?" అంది అత్త పుల్లమ్మ.

"ఒక్క ఎముకైనా చూశావా, అత్తా?"

"చూడ్డానికి నేనేమన్నా నీలా మొండిదాన్నా?"

నిద్రపట్టని సుజన తెల్లవారగానే తానే గునపం పట్టింది. ప్రతి పోటుకీ ఆగి గుంటలోకి చూసింది. నడుంలోతు తవ్వినా ఎముక గానీ, కాలిన వాసం గానీ తగల్లేదు. బూడిదనిండా సగం కాలిన ఆలిచిప్పలే ఉన్నాయి. అది గోడల సున్నం కోసం ఆలిచిప్పలు కాల్చిన పాత బట్టీ.