తమ్ముడు కూర్చున్న చోటు

వణుకు తగ్గింది, ఇవాళ గీత వంకర పోదు, ఐదు రోజులుగా మాత్రలు మింగడం లేదు మరి, లెసియెలి గ్యారేజీలో నేల మీద కూర్చుని చెట్టునార బట్ట అంచున నల్లరంగు కుంచె ఆనించి ఊపిరి బిగబట్టింది, నలభై ఏళ్లుగా ఈ మాంగెరే పేటలో ఏ టోంగా దీవుల వాళ్లింట పెళ్లికైనా చావుకైనా పరిచే బట్ట మీద అంచు గీత తనదే, అలాంటిది చర్చి హాల్లో అందరి ముందు ఆ ఫూసి, నిన్నగాక మొన్న కుంచె పట్టిన పిల్ల, చేతిలోంచి కుంచె లాక్కుని, నీకెందుకత్తా ఈ శ్రమ, కూర్చుని జిగురు పూసుకో అంది, జిగురు, చిన్నపిల్లలు పూసే జిగురు, ఆ మాత్రలతో చేతులు వణుకుతాయి, మొహం ఉబ్బుతుంది, ఉబ్బితే జనం ఒళ్లు చేశావని మురిసిపోతారు, విసుగొచ్చిందని ఎవరితో అనాలి, తమ్ముడు ఒళ్లు కోయించుకుని కిడ్నీ ఇస్తే నీకు విసుగా అని నోరు మూయించరూ, మింగలేక కక్కలేక ఇలా ఎన్నాళ్లు.

ఫోనులో మాత్రల అలారం మోగింది, ఎనిమిది, పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది, ఈ మోతకి ఆదివారం కూడా లేదు, నొక్కేసింది, ఆ వెంటే బయట కారు ఆగింది, ఫెలేటి, తమ్ముడు, దిగడు, టోంగా వాళ్ల ఆచారం, అక్క ఉన్న గదిలో తమ్ముడు కూర్చోకూడదు, అక్క వస్తే లేచిపోవాలి, ఆమె ఒంటి సంగతులు అడగనే కూడదు, పదేళ్లు దాటాక ఒక్క చాప మీద కూర్చున్నది లేదు, ఆపరేషన్ అప్పుడూ గోడకి అటొకరు ఇటొకరు, అందుకే పెళ్లాన్ని పంపుతాడు, నోట్లో నువ్వుగింజ నానని ఒనీటా రానే వచ్చింది, వదినా, టారో ఆకుల్లో మాంసం పొట్లాలు వండాను, తిన్నారా, మాత్ర వేసుకున్నారా, వేసుకున్నానే, మరి మొన్నటి రక్తపరీక్ష బాగాలేదని నర్సు ఫోనెందుకు చేసింది వదినా, మీ తమ్ముడికి చెప్పేశాను, అక్కని నిలదీయకు, తిండి ఇచ్చి రా అన్నాడు, అంతే, కారులో తల వంచుకుని కూర్చున్నాడు.

తిట్టినా బాగుండేది, తిడితే తిరిగి తిట్టొచ్చు, ఈ మర్యాదలోంచి ఎటు పారిపోతుంది, కుంచె జారి గీత వంకర పోయింది, ఈసారి చెయ్యి వణికింది మాత్రల వల్ల కాదు, సిగ్గుతో, నర్సు ఏమంది ఆ రోజు, మాత్రలు మానేస్తే నీ ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదనుకుని తరిమేస్తుంది అంది, పరాయిదా, పొత్తికడుపు కుడి పక్కన చెయ్యి పెట్టుకుంది, ఇక్కడేగా వాడు, పెద్దయ్యాక అక్కాతమ్ముళ్లు కలిసి కూర్చున్న చోటు ఈ లోకం మొత్తానికి ఇదొక్కటే, ఐదు రోజులుగా తన ఒళ్లు వాణ్ణి, అక్క వచ్చింది, లేచిపో అంటోంది, మర్యాద తెలిసినవాడు, మారు మాట్లాడకుండా లేచిపోతాడు, ఒనీటా, నీళ్లివ్వు, మాత్రలు మానేసి ఐదు రోజులైంది, ఆ నర్సుకి చెప్పు, ఇప్పుడే ఆస్పత్రికి వెళదాం, వాణ్ణి కారు నడపమను, నేను వెనక సీట్లో కూర్చుంటాను, చేతులు వణికితే వణకనీ, గీత ఫూసి గీసుకుంటుందిలే, ఆలస్యమైందో లేదో తెలియదు, మాత్ర గొంతు దిగుతుంటే ఒక్కటే అనుకుంది, కూర్చోరా, లేవకు, ఇది అక్క మాట.