ఎడమవైపు సీటు

మా ఆయన నాగుల్ మీరా ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో కారు డ్రైవరుగా పనిచేశారు. ఆ ఇరవై నాలుగేళ్ళలో ఆయన పక్క సీట్లో కూర్చోనివాళ్ళు లేరు. షావుకారుగారు కూర్చున్నారు, ఆయన బావమరిది కూర్చున్నాడు, గుమాస్తా కూర్చున్నాడు, ఒకసారి శ్రీశైలం నుంచి వస్తూ వాళ్ళ కుక్క కూడా కూర్చుంది. కట్టుకున్నదాన్ని, నేను మాత్రం కూర్చోలేదు. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం. నాకు మాత్రం అది నవ్వొచ్చే సంగతి కాదు.

షావుకారుగారిది వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ వ్యాపారం. ఈయన పొద్దున ఏడింటికి వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తారో అల్లాకే తెలియాలి. నేను ఇంట్లో మగ్గం వర్కు చేస్తూ, గవర్నర్‌పేట షాపులకి జాకెట్లు కుట్టిపెడుతూ కూర్చునేదాన్ని. వచ్చాక అన్నం తింటూ ఆరోజు తిరిగిన దారి చెప్పేవారు. అరకు ఘాట్‌లో ఎన్ని మలుపులో నాకు తెలుసు. హంసలదీవి దారి ఇంకా బాగా తెలుసు. ఉయ్యూరు దాటాక చెరుకు తోటలు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటాక రోడ్డు సన్నబడుతుంది, కోడూరు వచ్చేసరికి గాలి వాసన మారుతుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఈయన అన్నం కలపడం ఆపేసేవారు. అలా ఆగిపోయిన చేతిని చూస్తే నాకు లోపల ఏదో పట్టి లాగినట్టుండేది. నేను లేనిచోట ఆయన అంత సంతోషంగా ఉన్నారు మరి. అసూయ అనండి, ఇంకేమైనా అనండి.

బస్సులో వెళ్ళొచ్చుగా అమ్మా, అంటుంది మా అమ్మాయి అఫ్సా. ఎవరితో వెళ్ళను? ఈయన లేకుండా ఈయన దారి చూసి ఏం చేసుకోను? ఆ దారంతా ఆయన పక్కన కూర్చుని, ముందు అద్దంలోంచి, ఆయన చూసినట్టే చూడాలి. నాకున్న కోరిక అదొక్కటే.

ఈయనకి ఒక నియమం ఉండేది. యజమాని బండిలో ఇంటివాళ్ళని ఎక్కించకూడదు. అఫ్సా కడుపులో ఉన్నప్పుడు, ఏడో నెల, గవర్నర్‌పేటలో జోరువానలో చిక్కుకుపోయాను. ఎదురుగా షావుకారుగారి కారు, లోపల ఈయన ఒక్కరే. ఆపారు. దిగారు. నా చేతిలో గొడుగు పెట్టి, ఆటోని పిలిచి, డబ్బులు కూడా ముందే ఇచ్చి నన్ను ఎక్కించి, తడుచుకుంటూ వెళ్ళి ఖాళీ కారు నడుపుకుంటూ వెళ్ళిపోయారు. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. నిజాయితీపరుణ్ణి చేసుకుంటే ఇదీ సుఖం.

షావుకారుగారు పోయాక ఆ ఇంట్లో డ్రైవరు అవసరం తీరిపోయింది. ఆయన పిల్లలు ఈయన చేతిలో కొంత పెట్టి పంపారు. ఈయన ఒక స్కూలు బస్సులో కుదురుకున్నారు. మొదటి జీతం తెచ్చిన రోజు, కాళ్ళు కడుక్కుంటూ, అటు తిరిగే అన్నారు.

"వాళ్ళిచ్చిన డబ్బుతో మనమొక పాత కారు కొనుక్కుందాం గుల్షన్. ముందు సీట్లో కూర్చుందువుగాని."

నేను వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమాను, తోమినవే మళ్ళీ తోమాను.

అఫ్సా ఫోన్‌లో వెతికి ఒక తెల్ల కారు చూపించింది. ఏలూరు రోడ్డు వైపు పెద్ద షోరూం, అన్నీ వాడిన కార్లే, అన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. చక్రి అని ఒక కుర్రాడు, టై కట్టుకుని, నన్ను మేడమ్ అన్నాడు. నన్నెవరూ అంతవరకూ మేడమ్ అనలేదు. ఆ తెల్ల కారు నిన్న సాయంత్రమే అమ్ముడుపోయిందన్నాడు. మరి ఈరోజు పొద్దున కూడా ఫోన్‌లో ఉందే అన్నాను. సిస్టమ్‌లో అప్‌డేట్ కాలేదు మేడమ్ అన్నాడు. తర్వాత తెలిసింది, ఆ తెల్ల కారు రోజూ నిన్న సాయంత్రమే అమ్ముడుపోతుందట.

ఈయనకి ఆదివారం ఒక్కటే సెలవు. అలా ఎన్ని ఆదివారాలు ఆ గాజు గదిలో కూర్చుని కాగితం గ్లాసులో టీ తాగామో. మాకు నచ్చినదాన్ని వేరేవాళ్ళు బుక్ చేశారు. ఎవరూ బుక్ చేయనిది మాకు నచ్చలేదు. చివరికి ఒక బూడిదరంగు కారు దగ్గర ఈయన ఆగారు. బానెట్ ఎత్తి చెవి పెట్టి విన్నారు. ఆయిలు వేలికి రాసుకుని వాసన చూశారు. నేల మీద పాత పేపరు పరుచుకుని కిందికి దూరారు. ఆ వయసులో, ఇస్త్రీ చొక్కాతో. చక్రి నోరు తెరుచుకుని చూస్తుంటే నాకు గర్వంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఆటోనగర్‌లో ఈయనకి పాత స్నేహితుడు వెంకటప్పయ్యగారని మెకానిక్ ఉన్నారు. బండిని ఒకసారి ఆయనకి చూపించుకొస్తామంటే మేనేజరు ఒప్పుకోలేదు. బండి బయటి మెకానిక్ దగ్గరికి పంపడం కంపెనీ రూలు కాదట, రెండు వందల రకాల పరీక్షలు చేసిన సర్టిఫికెట్ ఉందట. నేను గొడవపడబోతే ఈయన నవ్వారు. నేనుండగా ఇంకో మెకానిక్ ఎందుకే అన్నారు.

నడిపి చూడటానికి మాత్రం షోరూంవాళ్ళు ఒప్పుకున్నారు. నేను ఎడమవైపు తలుపు మీద చెయ్యి వేశాను. చక్రి పరుగున వచ్చాడు. ట్రయల్‌కి వెళ్ళేటప్పుడు ముందు సీట్లో స్టాఫ్ కూర్చోవాలి మేడమ్, రూలు అన్నాడు. సరే, ఇంకొన్ని రోజులేగా అనుకుని వెనక ఎక్కాను. వారధి దాకా వెళ్ళి వచ్చాం. దారి పొడుగునా చక్రి బెల్టుని ఒక చేత్తో పట్టుకుని, రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి కూర్చున్నాడు. పాపం భయపడుతున్నాడనుకున్నాను. మా ఆయన నడిపితే గ్లాసులో నీళ్ళు కూడా కదలవు, వీడికెందుకింత భయం అనుకున్నాను.

అడ్వాన్స్ కట్టాక అసలు సినిమా మొదలైంది. మొదటి ఓనరు మచిలీపట్నంలో ఉన్నాడట, సంతకానికి రావాలి. వచ్చాడు. బ్యాంకు నుంచి కాగితం రావాలి. వచ్చింది, అందులో నంబరు తప్పు. మేనేజరుగారు ఎప్పుడు ఫోన్ చేసినా మీటింగులోనే. ఒక ఆదివారం వెళ్తే ఈయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు మార్చేశారన్నారు. మార్చలేదన్నారు వాళ్ళు. ముందు టైర్ల మీద గాడులు ఎంత లోతున్నాయో, ఏ టైరుకి ఎక్కడ చిన్న కోత ఉందో ఈయన ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వెళ్ళారు. అరగంటలో మా టైర్లు మాకు వచ్చాయి. ఆ రాత్రి ఈయన మామూలు కన్నా రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు. డ్రైవరు కళ్ళు కప్పడం ఎవరి తరమే అన్నారు.

కారు చేతికిచ్చే రోజు నేను నా చేత్తో వర్కు చేసుకున్న జాకెట్ వేసుకున్నాను. ఊరందరికీ కుట్టాను గాని నాకోసం కుట్టుకున్నది అదొక్కటే. వాళ్ళు కారుకి దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, మాకు అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఇచ్చి ఫొటో తీశారు. ఈయన కాగితాల మీద సంతకాలు పెట్టారు. చక్రి ఎక్కడా కనపడలేదు.

నేను ఎడమవైపు తలుపు తీసి కూర్చున్నాను. బిస్మిల్లా అనుకున్నాను. ముందు అద్దం ఎంత పెద్దదో. ఈయన నా వైపు తిరిగి ఒక్కసారి చూసి, కారు కదిపారు.

గేటు దగ్గర ఒక స్కూటరు అడ్డం వచ్చింది. ఈయన మెల్లగానే బ్రేకు వేశారు. నా సీటు మాత్రం ఆగలేదు. నన్ను మోసుకుని సర్రున ముందుకు జారిపోయింది. మోకాళ్ళు రెండూ ఎదురుగా ఉన్న డబ్బాకి కొట్టుకున్నాయి. బెల్టు ఊడి ఒళ్ళో పడింది. ఈయన మళ్ళీ కదిపితే సీటు వెనక్కి పోయింది.

ఈయన దిగారు. చుట్టూ తిరిగి వచ్చి నా తలుపు తీశారు. నన్ను దింపి, తను ఆ సీట్లో కూర్చున్నారు. బెల్టు పెట్టారు, లాగారు, వచ్చేసింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ వచ్చేసింది. అలా ఎన్నిసార్లు పెట్టారో. ఇంజను విన్నారు, ఆయిలు వాసన చూశారు, టైర్ల మీది కోతలు కంఠతా పట్టారు. కుడివైపు కూర్చునే మనిషి చూడగలిగినవన్నీ చూశారు. ఏ సీటు కోసమైతే కారు కొన్నారో ఆ సీట్లో కూర్చుని చూడాలని ఆయనకి తోచలేదు.

మేనేజరు కాగితం తిప్పి చూపించాడు. ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాం అని రాసి ఉంది, కింద ఈయన సంతకం. చూసుకునే కదండీ పెట్టారు అన్నాడు. టైర్ల గురించి అంత పోట్లాడిన మనిషి తన సంతకం వైపే చూస్తూ నిలబడ్డారు. ఈయన బదులు నేను అరిచాను, ఇక్కడ రాయలేనివి కూడా కొన్ని అన్నాను. ఆ అరుపులకి లోపలి గదిలోంచి చక్రి వచ్చాడు. నేను వాడి కాళ్ళ వైపు చూశాను.

"భయపడి తన్నిపెట్టుకున్నావనుకున్నాను నాయనా," అన్నాను.

వాడు తల వంచుకున్నాడు. "అలా కూర్చోమని మాకు చెప్తారమ్మా," అన్నాడు. మేడమ్ అనడం మర్చిపోయాడు.

ఆటోనగర్‌లో వెంకటప్పయ్యగారు సీటు ఎత్తి, కింద పట్టా తీసి చూపించారు. ఎప్పుడో ఎడమవైపు గట్టి దెబ్బ తగిలిన బండి. నేల కోసి అతుకు వేశారు, కిందినుంచి కనపడకుండా నల్లరంగు పూశారు, ఆ అతుకు మీద సీటు నిలబెట్టారు. మొత్తం విప్పి చెయ్యాలి, సామాను చెన్నై నుంచి రావాలి, ఖర్చు చిన్నది కాదన్నారు. మిగతా బండి బంగారం లాంటిదే అన్నారు. "అప్పటిదాకా అమ్మని వెనక కూర్చోమను మీరా. వెనకాల బాగానే ఉంది."

నేను కూర్చోనన్నాను. ఆటోల్లో డ్రైవరు వెనకే, బస్సుల్లో డ్రైవరు వెనకే, సొంత కారులో కూడా వెనకేనా? ఆరు వారాలు ఆ కారు మా సందులో గుడ్డ కప్పుకుని నిలబడింది. ఈయన రోజూ పొద్దున గుడ్డ తీసి, తుడిచి, మళ్ళీ కప్పేవారు. షోరూంకి ఫోన్ చేసేవారు, మేనేజరుగారు మీటింగులో ఉండేవారు. చేసి చేసి మానేశారు. దారుల సంగతులు చెప్పడం కూడా మానేశారు. ఇంట్లో చప్పుడంతా నా సూదిదే.

ఒకరోజు నేను కోపంగానే అడిగాను, అన్నీ చూసిన మనిషికి అదొక్కటీ చూడాలని ఎందుకు తట్టలేదని.

"అటువైపు తలుపు నేనెప్పుడూ బయటినుంచే తీశాను గుల్షన్," అన్నారు. "లోపల కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలీదు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. వచ్చే ఆదివారం హంసలదీవి వెళ్దాం, వెనకే కూర్చుంటానన్నాను.

పొద్దున్నే బయల్దేరాం. నేను వెనక, ఎడమవైపు. నాకు కనపడేది ముందు సీటు తలగడ, పక్కన ఈయన మెడ, నెరిసిన వెంట్రుకలు. ఈయన నడుపుతుంటే నిజంగానే కుదుపు లేదు. కంకిపాడు దాటాం. నేనేదో అంటే ఆయనకి ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది. వెనకనుంచి మాట్లాడటం నాకు చేతకాలేదు, వెనక కూర్చున్నవాళ్ళతో కబుర్లాడటం ఆయనకి అలవాటు లేదు. ఉయ్యూరు దాటాక ఎండ నా వైపుకి తిరిగింది. ఈయన అద్దంలో చూశారు.

"ఏసీ పెంచమంటారా అమ్మగారూ?" అన్నారు.

అనేశాక ఆయనకి తెలిసింది. నాకూ తెలిసింది. ఇరవై నాలుగేళ్ళు వెనక సీట్లోని షావుకారుగారింటి ఆడవాళ్ళని అలాగే అడిగిన నోరు, దాని తప్పేముంది? నేను కిటికీ వైపు తిరిగాను. కళ్ళ నీళ్ళు అద్దంలో కనపడకూడదని తిరిగాను గాని, డ్రైవర్లకి అద్దంలో అన్నీ కనపడతాయి. చెరుకు తోటలు వచ్చాయి, పోయాయి. చల్లపల్లిలో ఆగి టీ తాగుదామనుకున్నాం గాని ఆగలేదు. మోపిదేవి కూడా వెళ్ళిపోయింది. ఈయన చూసినవన్నీ నేనూ చూస్తూనే ఉన్నాను. ఈయన ఎవరింటి మనిషినో ఎక్కడికో తీసుకెళ్తున్నట్టుంది.

అవనిగడ్డ దాటి కొంతదూరం వెళ్ళాక కాలవ గట్టున పక్కకి తీసి ఆపారు. దిగారు. నా తలుపు తీశారు. బండికేమైనా అయిందా అని నేను దిగబోయాను.

"కొంచెం అటు జరుగు," అన్నారు.

జరిగాను. లోపలికి వచ్చి నా పక్కన కూర్చుని తలుపు వేసుకున్నారు. ఆయనకి కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అసలే తెలియలేదు. చేతుల్లో స్టీరింగు లేకుండా కారులో కూర్చున్న మా ఆయన్ని నేను చూడటం అదే మొదటిసారి. కాసేపటికి ఒక చెయ్యి తెచ్చి నా చేతి మీద పెట్టారు. కాలవలో నీళ్ళు నిండుగా పోతున్నాయి. ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటి వెళ్ళింది, దాని మీదివాళ్ళు తిరిగి చూశారు. ముందు రెండు సీట్లూ ఖాళీగా ఉన్నాయి.

ఆ సీట్ల మధ్యనుంచి రోడ్డు కొంచెమే కనపడుతోంది. సముద్రం ఇంకా ఇరవై కిలోమీటర్ల పైనే ఉంది. అక్కడికి వెళ్ళాలంటే ఆయన లేచి ముందుకి వెళ్ళాలి.

వెళ్దామా అని అడిగారు. వద్దన్నాను.