వెలితి బస్తాలు

ఈసారి ఏటి నీళ్లు గోదాంలోకి వస్తే స్థలం అమ్మేస్తానని తుపాను వార్త విన్న రోజే మామయ్య తేల్చి చెప్పారు. ఇప్పటికే రెండుసార్లు విత్తనం తడిసి మొలకలెత్తింది. మూడోసారి చూసే ఓపిక తనకు లేదన్నారు. చుట్టుపక్కల సగం పొలాలకు విత్తనం మా గోదాం నుంచే వెళ్తుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ గింజలు ఆరబోసి, చెరిగి, ఎత్తిపోసిన చేతులు నావి. అమ్మేస్తానంటే ఒళ్లు మండదూ?

"రానిస్తే కదా మామయ్యా, అమ్మేది! ఇసుక బస్తాలతో కట్ట వేద్దాం," అన్నాను.

"వేద్దాం. బస్తాలంటే మనకి చెప్పాలా?" అన్నారాయన.

చిక్కంతా అక్కడే వచ్చింది. గింజల వ్యాపారం చేసే మా ఇంట్లో బస్తా అంటే పరువు. మూతి దాకా కూరి, కుదిపి, మళ్లీ కూరి, దబ్బనంతో కుట్టాక తడితే డోలులా మోగాలి. కాస్త వెలితిగా కనిపించిందా, "ఎవరిని ముంచుదామని?" అని మామయ్య అందరి ముందూ కడిగేస్తారు. ఇసుక బస్తాలనూ అలాగే కూరాం. నేనూ మా ఆయనా పారలతో నింపాం, మామయ్య కుట్టారు. వాన అందుకునేసరికి ఏటి వైపు గోడ పొడవునా, తలుపు ముందూ నడుమెత్తు కట్ట లేచింది. చూడముచ్చటగా ఉంది. ఏరు వచ్చి సలాం కొట్టి పోవాల్సిందేనని మా ఆయనతో గొప్పలు పోయాను.

మర్నాడు మధ్యాహ్నం ఏరు గట్టు దాటింది. సలాం కొట్టలేదు. బస్తాకీ బస్తాకీ మధ్య నుంచి ధారలు కట్టింది. బిగదీసుకున్న బస్తాలు ఒకదాని మీద ఒకటి ఆనాయే గాని కుదురుగా కూర్చోలేదు. పాతగుడ్డలు కుక్కాం, మట్టి మెత్తాం. ఇక్కడ మూస్తే అక్కడ కారింది.

"ఇక చాల్లేవే. చేతనైనన్ని బస్తాలు అటక మీదికి ఎక్కిద్దాం," అన్నాడు మా ఆయన. మామయ్య ముఖం చూస్తే గోదాం అప్పుడే చెయ్యి జారిపోయినట్టుంది.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. వంగి, కట్టను చేత్తో తడుముతూ నడిచాను. తలుపు పక్కన ఒకచోట ధార తగల్లేదు. అక్కడున్నది మోసేటప్పుడు మేకు తగిలి చిరిగిన బస్తా. సగం ఇసుక కారిపోయి, చదునుగా పడుకుని, కింది సందుల్లోకి చక్కగా ఒదిగిపోయింది. దాని చుట్టూ చుక్క నీరు లేదు.

"మామయ్యా, మనం గింజల బస్తాలు కుట్టాం!" అని అరిచాను. "వీటిని సగం చెయ్యాలి!"

"పిచ్చెక్కిందా? నీళ్లు మీదికొస్తుంటే కట్ట విప్పుతావా?" అన్నాడు మా ఆయన.

"నీళ్లింకా మోకాలెత్తే ఉన్నాయి. పై వరస తీద్దాం. తీసిన ఇసుక ఖాళీ సంచుల్లో సగం దాకా పోసి, లోపలి వైపు పరిచి తొక్కుదాం."

మామయ్య వచ్చి ఆ చిరిగిన బస్తాను కాలితో నొక్కి చూశారు.

"మా నాన్న ఉండుంటే చెంప పగలగొట్టేవాడు," అంటూ కత్తి తీసి, తను కుట్టిన కుట్టును తనే కోశారు. మొదటి బస్తాకు ఒక్కో కుట్టే నెమ్మదిగా తెంపారు. ఆ తర్వాత ఆయన వేగం మేం అందుకోలేకపోయాం. నేను పరిచాను, మా ఆయన ఎగిరెగిరి తొక్కాడు. ఒక్కో ధారా సన్నబడి ఆగిపోయింది. నీళ్లు తొడల దాకా పెరిగాయి. కొత్త వరస కదల్లేదు.

సాయంత్రానికి ఏరు తీసింది. గోదాంలో గుమ్మం దగ్గర కాస్త చెమ్మ తప్ప ఏమీ లేదు. మామయ్య ఒక విత్తనాల బస్తా విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి గుప్పెడు గింజలు తీశారు. అరచేతిలో నలిపి చూశారు. గలగలలాడాయి. ఆయన కళ్లు నిండిపోయాయి.

నేనిక ఉండబట్టలేకపోయాను. "మరి స్థలం?"

"ఇక మీదట ఎవడైనా కొంటానని వస్తే నాతో మాట్లాడనివ్వకమ్మా. నేను మెత్తబడిపోతాను. నువ్వే మాట్లాడి పంపించెయ్," అన్నారు.

నాకు ఏడుపు అప్పుడొచ్చింది.