చిక్కిపోతున్న స్టూలు

వీధి తలుపు తీయగానే ఎండ.

ఎండ ముఖాన పడగానే ఆ అమ్మాయికి తుమ్ము.

ఒకటి... వెనకే ఇంకొకటి.

లోపలి నుంచి నాయనమ్మ నవ్వింది. "అదిగో, మీ తాత దిగాడు!"

ఎండ చూస్తే తాతకి జంట తుమ్ములు. నాన్నకీ అంతే. ఈ మనవరాలికీ అంతే. ఎడమ బుగ్గ మీద సొట్ట తాతదే. పని చేస్తూ ఈల వేయడం తాతదే. ఎవరైనా పోలికలు ఎంచుతుంటే ఆమె సిగ్గుపడి తల వంచుకునేది. లోపల మాత్రం పండగే.

నిన్నటి దాకా.

నిన్న బావకి ఉద్యోగం వచ్చిందని మేడ మీద సందడి. "ఒక్క గుక్కేనే, పిరికిదానా!" అంటూ బావ గ్లాసు అందించాడు. తాగింది. చల్లగా, చేదుగా...

నచ్చింది.

అదే భయం.

తాతను తాగుడే తీసుకుపోయింది. నాన్నా తాగేవాడు; ఆమె పాకే వయసులో మానేశాడు. తాగుడు వైపు లాగే గుణం కొంత రక్తంలోనూ దిగవచ్చని సైన్సు టీచరు చెప్పిన రోజు, ఆమె తన అరచేతులకేసి చూసుకుంది. ఏ గీత వెనక దాక్కుందో, అది.

పెరటి వసారాలో నాన్న. వడ్రంగి. చుట్టూ చెక్కపొట్టు. ఒళ్లో స్టూలు — అమ్మకానికి కాదు, ఇంటిదే. గరుకు ఉప్పుకాగితంతో దాని కాళ్లు రుద్దుతున్నాడు. ఏళ్ల తరబడి రుద్దుతూనే ఉన్నాడు. లావుపాటి కాళ్లు కాస్తా కొంగ కాళ్లయ్యాయి. "దానికి తిండి పెట్టవేమిరా?" అని నాయనమ్మ ఎప్పుడూ ఎగతాళి.

"నాన్నా... నిన్న నేను తాగాను. ఒక్క గుక్క. బాగుంది నాన్నా." అరచేతులు చాపింది. "నాకూ వచ్చిందా?"

నాన్న చెయ్యి ఆగింది.

"వచ్చే ఉంటుంది తల్లీ. నీకు అబద్ధం చెప్పడమెందుకు? నాకే ఇంకా పోలేదు. నాలుక పీకినప్పుడల్లా దీన్ని ముందేసుకుంటా. అది దాటిపోయేదాకా రుద్దుతా."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా."

ఆమె ఆ సన్నని కాళ్లకేసి చూసింది. నాన్న తాగకుండా వదిలేసిన గ్లాసులన్నీ... పొట్టుగా రాలి, గాలికి పోయి.

ఏడుపు రావాలి. నవ్వొచ్చింది.

"మరి నేనూ మొదలుపెడితే ఇది విరిగిపోదూ?"

"విరిగితే ఇంకోటి చేస్తా. వడ్రంగి ఇంట్లో స్టూలుకి కరువా?"

"ఈసారి కాస్త ఏనుగు కాళ్లు పెట్టరా!" లోపలి నుంచి నాయనమ్మ.

నాన్న ఉప్పుకాగితాన్ని చింపి సగం ఆమె చేతిలో పెట్టాడు.

అతనొక కాలు. ఆమె ఒక కాలు.

గర్... గర్... గర్...

పొట్టు లేచింది. ఎప్పుడు మొదలైందో, ఆమె పెదవుల మీద ఈల. తాత ఈల. నాన్న అందుకున్నాడు.

ఎండ వసారా మెట్టెక్కింది. పొట్టంతా బంగారం. పాదాల మీదికి... మోకాళ్ల మీదికి... మెల్లగా ముఖాల మీదికి...

ఈల ఆగింది. ఇద్దరూ ముక్కులు చిట్లించి ఒకరినొకరు చూసుకున్నారు —

ఎవరిది ముందో.