పన్నెండు బర్రెల గచ్చు

జహనుమా బస్తీలో ఎవరింట్లో కొత్త గచ్చు పోస్తున్నా పిలవకుండానే వెళ్లి సలహా చెప్పివచ్చే మనిషి మొగులయ్య. అలాంటివాడు సొంత ఇంట్లో టైల్స్ వేయించబోతే ఇక ఎవరి మాటైనా వింటాడా? వినలేదు. వినుంటే ఈ కథా లేదు, ఆయన పరువూ ఉన్నచోటే ఉండేది. ఇప్పుడైతే చాయ్ హోటల్లో కూర్చుని తానే నవ్వుతూ చెప్పుకుంటాడు గానీ, అప్పుడు మాత్రం ఏడ్చాడు.

వాళ్లది తాతలనాటి పాల వ్యాపారం. గడ్డి దొరక్క, మోకాళ్లు సహకరించక కిందటేడు ఆఖరి బర్రెను కూడా అమ్మేశాక ఇంటి ముందున్న కొట్టం ఖాళీ అయింది. కూతురు వర్షిత శాలిబండలో ఎవరిదో బ్యూటీ పార్లర్‌లో పనిచేసేది. ఆ కొట్టాన్ని గదిగా మార్చి సొంత పార్లర్ పెట్టుకుంటానంది. మొగులయ్య పొంగిపోయాడు. బిడ్డకు ఒకరి దగ్గర మాటపడే బాధ తప్పుతుందని గల్లీ అంతా చాటింపు వేశాడు. గోడలు లేచాయి, రేకులు పోయి స్లాబు వచ్చింది. ఇక మిగిలింది నేల.

టైల్స్ మేస్త్రి రవీందర్ వచ్చి గదిలో అటూ ఇటూ నడిచి చూశాడు.

“కాకా, పాత గచ్చు తీసేద్దాం. కింద కాంక్రీట్ బెడ్డేసి, లెవెల్ చూసి, గప్పుడు టైల్స్ ఏస్తే పక్కాగుంటది.”

“తీసుడేంది?” మొగులయ్యకు ఒళ్లు మండింది. “పన్నెండు బర్రెలు నిలబడ్డ గచ్చు భాయ్ గిది! ఒక్క పగులు చూపెట్టు. దీని మీదనే గమ్ పూసి అతికియ్యి.”

“లెవెలన్న చూడనియ్యి కాకా.”

“నా కండ్లున్నయి లెవెల్‌కు. ఫికర్ చెయ్యకు.”

గట్టితనం అనేది పైకి చెప్పిన కారణం. పెళ్లయిన కొత్తలో భార్య ఆండాలు ఇసుక జల్లెడ పడుతుంటే, తనే సిమెంటు కలిపి, మోకాళ్ల మీద కూర్చుని తాపీతో రుద్ది, బర్రెల కాళ్లు జారకుండా గీతలు కొట్టిన గచ్చది. బర్రెలు పోయాయి, కొట్టం పోయింది. ఇది కూడా గడ్డపార పాలైతే తాను పాల మొగులయ్యనని చెప్పుకోవడానికి ఇంకేం మిగలదని ఆయన భయం. ఆ ముక్క నోరు తెరిచి చెప్పడానికి నామోషీ అనిపించి, గట్టితనం మీద ఉపన్యాసం దంచాడు. రవీందర్‌కు ఇంకోచోట పనుంది. “సరే కాకా, నీ ఇష్టం” అని చెప్పినట్టే అతికించి వెళ్లిపోయాడు.

తెల్లటి టైల్స్ ధగధగా మెరిశాయి. మొగులయ్య వచ్చేపోయేవాళ్లందరినీ ఆపి మరీ చూపించాడు. కిందపడ్డ గోళ్లరంగు సీసా దొర్లుకుంటూ మూలకు పోతే ఫ్యాను గాలి అన్నాడు. “ఏమయ్యా, తుడుస్తుంటే నీళ్లన్నీ గా మూలకే ఉరుకుతున్నయేంది?” అని ఆండాలు అడిగితే, “నువ్వు బట్ట పిండుడు సక్కగ లేదు” అన్నాడు. అంతటి ఘనుడు!

పార్లర్ తెరిచిన రోజు మొదట వచ్చింది అదే గల్లీలో ఉండే మాణిక్యమ్మ. ఆమె కూతురు ప్రీతి పెళ్లి దగ్గర పడింది. తనకు పని నచ్చితే పెళ్లికూతురి ముస్తాబు, ఇంటిల్లిపాది ముస్తాబు వర్షితకే ఇస్తానని ముందే చెప్పింది. ఆ పెళ్లి దొరికితే పార్లర్ నిలబడినట్టే. దొరక్కపోతే మళ్లీ శాలిబండ ఆటో ఎక్కడమే.

వర్షిత ఆమెను కింద చక్రాలున్న కొత్త కుర్చీలో కూర్చోబెట్టింది. ముఖానికి క్రీము పట్టించి, కళ్ల మీద కీరదోస ముక్కలు పెట్టి, ఇంకేదో కలపడానికి అద్దం వైపు తిరిగింది. కుర్చీ కదిలింది. మొదట మెల్లగా, తర్వాత కాస్త హుషారుగా.

“మస్తుగుంది బిడ్డా, ఎటు జరుపుతున్నవ్?” అంది మాణిక్యమ్మ హాయిగా.

మొగులయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. కుర్చీ పోతున్న దారి ఆయనకు తెలిసిన దారే. కొట్టం కడిగిన నీళ్లు ఇన్నేళ్లూ పోయిన దారి. పాత మురుగు మోరీ ఉన్న మూలకు నేరుగా పోయి, గోడకు ధడేల్‌మని గుద్దుకుని ఆగింది. కీర ముక్కలు ఎగిరిపడ్డాయి.

అప్పుడు వెలిగింది ఆయన బుర్ర. కొట్టం గచ్చు ఎవరైనా వాలుగానే పోస్తారు, నీళ్లు నిలవకూడదు కాబట్టి. ఆ వాలు పెట్టింది తనే. దాని మీద నిలబడీ, కూర్చునీ, పాలు పిండీ పిండీ ఒంటికి అదే చదును అయిపోయింది. లోకంలో మిగతా ఇళ్ల నేలలే వంకరని ఇన్నాళ్లూ గల్లీ గల్లీ తిరిగి సలహాలు చెప్పాడు!

“ఏంది మొగులన్నా, గిది పార్లరా, జారుడు బండనా?” మాణిక్యమ్మ క్రీము ముఖంతోనే లేచింది. “నా బిడ్డను గిండ్ల కూసోపెడితే మండపానికి పోతదా, మోరీలకు పోతదా?”

బయట జమైన ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వర్షిత లొల్లి చేయలేదు. మాణిక్యమ్మ ముఖం తుడిచి, బతిమాలి పంపింది. దొర్లిన సీసాలు ఏరుతూ, “సోమవారం సంది మళ్ల శాలిబండకు పోత బాపు” అంది. తిట్టి ఉంటే మొగులయ్య ఎదురు తిట్టేవాడు. ఆ నెమ్మది మాటకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“చక్రాల కింద ఇటుకలు పెడితే...” అని మొదలుపెట్టాడు. ఆండాలు చూసిన చూపుకు మిగతా సగం మింగేశాడు.

లేచి గడ్డపార తెచ్చాడు. మొదటి పోటుకే తెల్ల టైలు ముక్కలైంది. దాని కింద గచ్చు ఖంగుమంది. గట్టిదే, ఆ మాట మాత్రం అబద్ధం కాదు. గచ్చును ఒక తిట్టు, తనను రెండు తిట్లు తిట్టుకుంటూ, మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటూ పొడిచాడు. కబురందుకుని రవీందర్ గచ్చు పగలగొట్టే మిషన్ తెచ్చేసరికి ఒక్క మూల మాత్రమే తేలింది.

మిషన్ చప్పుడుకు మాణిక్యమ్మ తొంగిచూసింది. “పెళ్లికి ఇంక టైముంది. చదునైనంక పిలువు బిడ్డా, వస్త. ఈపారి కుర్చీని బర్రెను కట్టేసినట్టు కట్టెయ్” అని మొగులయ్య వైపు ఓ చూపు చూసి పోయింది.

గచ్చంతా పోయాక రవీందర్ అలవాటుగా అడిగాడు. “ఇగ చెప్పు కాకా, కింద ఏమేద్దాం?”

“నన్నడగకు. పార్లర్ ఎవరిదో ఆమెనడుగు” అని మొగులయ్య గుమ్మం అవతలకు జరిగి నిలబడ్డాడు.

“బెడ్డేసి పూరా చదును చెయ్యన్నా” అంది వర్షిత. “గా మోరీ మూల ఒక్కటి ఇడిచిపెట్టు. ఆడ తలలు కడిగే సింకు పెడుత. నీళ్లు నిలవకుంట గంతవరకు వాలు కావాలె.”

“ఎంత పెట్టాలె చెల్లె?”

వర్షిత గుమ్మం వైపు చూసింది. “గది బాపుకే ఎరుక.”

మొగులయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. దగ్గొచ్చినట్టు నటించాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మోకాళ్లు పట్టుకుని ఆ మూలన కూర్చున్నాడు.

“చెంబుతోని నీళ్లు తే బిడ్డా, పోసి వాలు చూద్దాం” అన్నాడు. “రవీందర్, నువ్వు సుత లెవెల్ పట్టుకొని రా. నా కండ్ల సంగతి అందరికి ఎరికైంది గద.”